పులసకు పథ్యం లేదు

ఆ ఉదయం భీమరాజుగారు పెట్టుకున్న పని ఒక్కటే: ఆసుపత్రిలో మూత్రపు సీసా ఇచ్చేసి, అటునుంచటే సైకిలు మీద గోదావరి గట్టుకు వెళ్ళడం. భార్య పోయాక ఆయన్ని రోజూ ఇంట్లోంచి బయటికి లాగుతున్నది ఆ సైకిలే. మొన్న దాని మీంచి పడి మణికట్టు వాస్తే, ఎముకలు లోపల అరుగుతున్నాయేమో చూద్దామని డాక్టరు విశ్వనాథ్‌గారు పరీక్ష రాశారు. అరిగిన ఎముక తాలూకు పదార్థం మూత్రంలో దిగుతుందట. చేపా మాంసం ముట్టకుండా పథ్యం చేసి రమ్మన్నారు.

సీసా ఇవ్వడానికి రెండు రోజుల ముందే, పథ్యం మొదలైన పూటే, ఇంటికి పులస వచ్చింది.

"డాక్టరుగారు చేప వద్దన్నారమ్మా."

"చేపంటే బొచ్చె, శీలావతి అండీ మావయ్యగారూ," అంది కోడలు లావణ్య. "ఏడాదికోసారి వచ్చే పులసకి పథ్యం ఏంటండీ?"

భీమరాజుగారికి అది న్యాయంగానే తోచింది. ఆ పూట తిన్నారు. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది కనుక మర్నాడూ తిన్నారు.

ఫలితం చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. "ఎముక బాగా అరుగుతోందండి. పథ్యం చేశారా?"

"చేశామండి," అంది లావణ్య, నిండు నమ్మకంతో. "వచ్చే నెల మళ్ళీ చూద్దాం" అన్నారాయన.

సైకిలుకు తాళం పడింది, చెవి లావణ్య కొంగున చేరింది. చెంబెత్తబోతే "వద్దండీ" అని ఇల్లంతా కేక. ఎదురింటి బుల్లిరాజు రోజూ వచ్చి పరామర్శించి, సైకిలు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

"ఇంకేం తొక్కుతావు బావా? నాకిచ్చెయ్, నీ పేరు చెప్పుకుంటా."

రెండో ఫలితం మొదటిదాన్ని మించింది. కంగారుపడి డాక్టరుగారే ఇంటికి వచ్చారు. లావణ్య మర్యాదగా గ్లాసు అందించింది. ఆయన ఒక గుటక వేసి ఆగారు.

"ఏంటమ్మా ఇది?"

"మేక కాళ్ళ రసమండి. మావయ్యగారికి రెండుపూటలా ఇదే."

"మాంసం వద్దన్నాను కదమ్మా!"

"ఒక్క ముక్క లేదండి, వడకట్టాను. పరీక్ష ముందురోజు ఇంకో గ్లాసు ఎక్కువే ఇచ్చాను, మార్కులు బాగా రావాలని."

డాక్టరుగారు గ్లాసు కింద పెట్టారు. "సీసాలో దిగింది ఈయన ఎముకలు కావమ్మా, మేకవి. మరి మొదటిసారి?"

మామా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పులస," అన్నారు భీమరాజుగారు మెల్లగా.

మూడోసారి పథ్యం గట్టిగా జరిగింది. ఎముకలు నిక్షేపంగా ఉన్నాయని తేలింది. లావణ్య తాళం తీసింది. నెల పైన మూలపడ్డ సైకిలుకు టైర్లలో గాలి నిండుగా ఉంది, గొలుసుకు నూనె కూడా వేసి ఉంది; ఎలాగూ తనదవుతుందని బుల్లిరాజు చేయించుకున్నాడట. భీమరాజుగారు అతనికి దండం పెట్టి గట్టుకు బయల్దేరారు.

పథ్యం రోజుల్లో ఇంటికొచ్చిన పులస మాత్రం డాక్టరుగారింటికి వెళ్ళింది. ఆయనకు ఏ పరీక్షా లేదు.