ఏడు తరాల లోపు కంచుగంటల వారు

ప్రపంచంలో ఉన్న కంచుగంటల వారందరూ ఒకే రక్తమని 2006 వైశాఖ మాసంలో తెనాలిలోని ఒక ఎ.సి. హాలులో అధికారికంగా ప్రకటించారు. ప్రకటించినవారు వంశ సంఘం అధ్యక్షులు, అధికార పార్టీ కార్యకర్త కంచుగంటల విజయసారథి గారు. ఆ పూట కరెంటు లేక ఎ.సి. పనిచెయ్యలేదు గాని, ప్రకటన పనిచేసింది. పదకొండు దేశాల్లో నాలుగువేల నూటపన్నెండుమంది కంచుగంటల వారున్నారనీ, వాళ్ళలో ఎవరికి కష్టం వచ్చినా తనకు వచ్చినట్టేననీ ఆయన అన్నారు. తర్వాత విలేకరులకు టిఫిన్ పెట్టారు.

"ఈ లెక్క ఎవరు తీశారండి?" అని చట్నీ దగ్గర ఒక విలేకరి అడిగాడు.

"మా బాబాయ్ గారు. ప్రధాన పరిశోధకులు" అని విజయసారథి గారు వెనక వరసలోకి చెయ్యి చూపించారు.

వెనక వరసలో గౌరీశంకరం మాస్టారు లేచి నిలబడ్డాడు. రేపల్లె హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాడు. పిల్లలు లేరు. భార్య ఇందుమతి పోయి అప్పటికి ఆరు నెలలు. చొక్కాకి పెట్టిన బ్యాడ్జీలో తన పేరు ముందు 'ప్రధాన' అన్న మాట చూసుకోవడం ఆయనకు జీవితంలో అదే మొదలు. హెడ్మాస్టరు పోస్టుకు కూడా ఆయన్ను ఇన్‌ఛార్జిగానే ఉంచి ఇంటికి పంపారు. అందుకని ఆ బ్యాడ్జీ తియ్యకుండానే రేపల్లె ప్యాసింజరెక్కాడు. దిగాక ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాడు. ఎవరూ చదవలేదు. మూడోసారి నడిస్తే టికెట్ అడిగారు.

పరిశోధన జరిగిన చోటు తెనాలి బస్టాండు ఎదురుగా జహీర్ నడిపే ఇంటర్నెట్ సెంటరు. గంటకు పదిహేను రూపాయలు. పరిశోధకుడికి మౌసు పట్టుకోవడం రాదు కాబట్టి జహీరే పట్టుకునేవాడు.

"మాస్టారూ, మీ ఇంటిపేరు కొడితే ప్రపంచం మొత్తం మీద ఏడుగురొచ్చారండి" అన్నాడు జహీర్ మొదటిరోజు. "అందులో ఇద్దరు ఒకరే."

పక్కనే నిలబడ్డ విజయసారథి గారు నిరుత్సాహపడే మనిషి కాదు. "ముక్కలు చేసి కొట్టు. మనవాళ్ళు ఓడలెక్కి పోయినప్పుడు ఆ దొరలకి నోరు తిరిగుండదు. సగం రాసుకుని సగం సముద్రంలో పారేసుంటారు."

సగం కొడితే డర్బన్‌లో గంటల వారు దొరికారు. మారిషస్‌లో గాంటాల్ వారు, ఫిజీలో కంచు వారు, మలేషియాలో ఉత్త గంట వారు దొరికారు.

"ఈ క్యాంటలా గారు మెక్సికోలో ఉన్నారండి" అన్నాడు జహీర్. "చర్చిలో ఫాదరంట."

"మతం మారితే రక్తం మారుద్దా? రాసెయ్."

"ఫాదరుకి పెళ్ళుండదు కదండీ, వంశం ఎట్లా..."

"ఆయన నాన్నకి ఉంది కదా? రాసెయ్."

మాస్టారు రాశాడు. మూలపురుషుడు ఎవరనేది కూడా ఆయనే తేల్చాడు. కోట గుమ్మంలో ధర్మగంట కట్టించిన మహామంత్రి అని రాశాడు. చిన్నప్పుడు ఆయన తాతగారు చెప్పింది వేరు. మన పెద్దలు సంతల్లో ఎడ్ల మెడగంటలు అమ్ముకునేవాళ్ళురా, అందులో సగం కంచు కాదు, అని. తాతగారి మాటకు ఆధారాలు లేవని మాస్టారు పక్కన పెట్టాడు. మంత్రికీ లేవు గాని, మంత్రి నూట అరవై పేజీలు వచ్చాడు.

పుస్తకం అంతా అయ్యాక ముగింపు వాక్యం కుదరలేదు. వీధి అరుగు మీద కూర్చుని సాయంత్రమంతా కలం కొరికి, చివరకి ఇలా రాశాడు: "వీరందరూ ఒకే మూలపురుషునికి ఏడు తరాల లోపు జ్ఞాతులని సప్రమాణంగా నిరూపించడమైనది." ఏడు అన్నది చెవికి బాగుంది. తొమ్మిది అని రాసుంటే ఈ కథ లేదు.

ఆ పుస్తకం పైకి వెళ్ళింది. ఇన్ని దేశాల్లో ఇంతమంది చుట్టాలున్న కార్యకర్త పార్టీలో ఇంకొకడు లేడని పైవాళ్ళు గుర్తించారు. శ్రావణం రాగానే విజయసారథి గారిని విదేశాంధ్ర సౌభ్రాతృత్వ మండలికి ఛైర్మన్‌గా వేశారు. కారు, దాని మీద బుగ్గ, ఏడాదికి నాలుగు విదేశీ పర్యటనలు. ప్రమాణ స్వీకారానికి ముహూర్తం పెట్టారు.

అదే పదవి కోసం ఇరవై ఏళ్ళుగా జెండాలు మోసినవాడు బాపట్ల కోటయ్య. ఆయన ఏడవలేదు, అలగలేదు. పుస్తకం కొనుక్కున్నాడు. దాన్ని ఆఖరి వాక్యం దాకా చదివిన పాఠకుడు ఆయనొక్కడే. చదివి బాపట్లలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు నెలవారీ ఖాతా పెట్టాడు.

ముహూర్తం రెండు రోజులుందనగా కోటయ్య బత్తాయిలు పట్టుకుని రేపల్లెలో విజయసారథి గారింటికి వచ్చాడు. మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"డర్బన్‌లో గంటల మునిసామి గారు పోయారు తమ్ముడూ. ఎనభై నాలుగేళ్ళు. నిద్రలోనే పోయారంట."

"ఎవరాయన?"

"అదేంటి, మీ రక్తం! రెండువందల మూడో పేజీ."

పురోహితుడు వేదవ్యాస్ శాస్త్రిని పిలిపించారు. ఆయన పుస్తకం చివరి పేజీ తీసి, కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చదివాడు.

"ఏడు తరాల్లోపు అని అచ్చులో ఉంది. పది రోజులు మైల. ప్రమాణ స్వీకారం కుదరదండి."

"ఆయన మొహం కూడా నేను చూడలేదయ్యా!"

"మైల మొహం చూసినందుకు రాదండి. వంశంలో పుట్టినందుకు వస్తుంది."

పదకొండో రోజున స్నానం చేశారు. పన్నెండో రోజున కోటయ్య మళ్ళీ బత్తాయిలతో వచ్చాడు. మారిషస్. ఆ తర్వాత ఫిజీ. భాద్రపదం శూన్యమాసమని అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు గాని, ఆశ్వయుజం వస్తూనే మలేషియా. నాలుగువేల మంది చుట్టాలున్న మనిషికి పది రోజులకొకరైనా పోకుండా ఎలా ఉంటారు? పదవి గజెట్‌లో ఉంది. కారు షెడ్డులో ఉంది. విజయసారథి గారికి గడ్డం పెరిగి, ఫ్లెక్సీల్లో మొహానికీ ఆయన మొహానికీ పోలిక తప్పింది. కోటయ్య మాత్రం ఏ మరణానికీ పలకరింపు మానలేదు. అంత సంస్కారవంతుడైన ప్రత్యర్థి జిల్లాలో లేడు.

ఈ సందట్లో మాస్టారి గోడు ఎవరికీ పట్టలేదు. కార్తీక శుద్ధ దశమి ఇందుమతి తిథి. మొదటి సంవత్సరీకం. దీపావళి మర్నాడే కోటయ్య బత్తాయిలు మళ్ళీ వచ్చాయి, ఆ మైల సరిగ్గా దశమి దాకా ఉంది.

ఆసుపత్రి మంచం మీద ఆవిడ అడిగింది అదొక్కటే. "నలభై ఏళ్ళలో ఒక్క పూటైనా చెప్పిన టైముకి ఇంటికొచ్చి అన్నం తిన్నారా? పోయాకైనా నా తద్దినం తిథి తప్పకుండా పెట్టండి. అంతకన్నా మీవల్ల ఏం కాదు." మాస్టారు సరేనన్నాడు. ఆవిడకు ఆయన ఇచ్చిన మాటల్లో ఇంకా తప్పకుండా మిగిలింది అదొక్కటే.

"మైలలో తద్దినం పెట్టకూడదు మాస్టారూ" అన్నాడు వేదవ్యాస్. "మైల తీరాక పెట్టుకోవాలి. తిథి మాత్రం దాటిపోతుంది."

"నాక్కూడా మైలేనా?"

"రాసిందే మీరు కదండీ."

పుస్తకం అబద్ధమని పేపర్లో ఒక్క ముక్క రాస్తే చాలు. మైల పోతుంది. విజయసారథి గారి పదవి పోతుంది. బ్యాడ్జీ కూడా పోతుంది. మాస్టారు మూడు రోజులు ఆలోచించాడు. పదవి గురించి ఒక పూట, మిగతాది బ్యాడ్జీ గురించి.

ఈలోగా విజయసారథి గారే దారి కనిపెట్టారు. దూరదృష్టి గల నాయకులు. సంఘం అత్యవసర సమావేశం ఆయన ఇంటి వరండాలోనే జరిగింది. ఆయన తండ్రి సుందరయ్య గారు, అంటే మాస్టారి పెదనాన్న కొడుకు, పడక కుర్చీలో కూర్చుని దగ్గుతున్నారు.

"నాలుగో నిబంధనకి సవరణ" అని విజయసారథి గారు చదివారు. "కంచుగంటల వంశంలో సభ్యత్వం జీవితకాలం మాత్రమే. మరణించిన తక్షణం సభ్యత్వమూ, తద్వారా బంధుత్వమూ ఆటోమేటిగ్గా రద్దు. ఉన్నవాళ్ళందరూ మనవాళ్ళే. పోయినవాళ్ళతో సంఘానికి సంబంధం లేదు. ఏమయ్యా శాస్త్రీ, మైలుంటుందా?"

వేదవ్యాస్ గొంతు సవరించుకున్నాడు. "బంధుత్వమే లేనప్పుడు మైలెక్కడిదండి. అయితే కట్టిన చెయ్యే విప్పాలి. పరిశోధకుల సంతకం ఉండాలి."

కాగితం మాస్టారి ముందుకొచ్చింది.

"ఏంట్రా శంకరం, చదివే పెడుతున్నావా?" అన్నారు సుందరయ్య గారు కుర్చీలోంచి.

"చదివానన్నయ్యా."

"ఏమో. ఆ పుస్తకం కూడా చదివే రాశావనుకున్నాను."

లోపల్నించి వాళ్ళావిడ రాజమ్మ నవ్వడం వినిపించింది. మాస్టారు సంతకం పెట్టాడు. కార్తీక దశమికి ఇంక అయిదు రోజులు. ప్రమాణ స్వీకారం ముహూర్తం కూడా ఆ ఉదయమే, తెనాలిలో, తొమ్మిదీ పన్నెండుకి.

దశమినాడు తెల్లవారి ఏడుకి మాస్టారి ఇంట్లో ఫోను మోగింది. ఎప్పుడూ లేనిది, ఆయన ఆ రోజు ఆ పాటికే స్నానం చేసి తడిపంచె ఆరేసుకుంటున్నాడు. వంటావిడ గారెలకి పప్పు రుబ్బుతోంది.

"బాబాయ్, నాన్నగారి సభ్యత్వం రద్దయిందంట" అన్నారు విజయసారథి గారు.

మాస్టారికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది.

"ఎప్పుడురా?"

"ఆరున్నరకి. దగ్గు వచ్చి అట్లాగే. నేను రాత్రే తెనాలి వచ్చేశాను కదా. అమ్మ ఫోన్ చేసింది."

"అయితే బయల్దేరుతున్నావా?"

"ఎట్లా వస్తాను బాబాయ్? నేనొస్తే మైల ఒప్పుకున్నట్టు. కోటయ్య ముందు వరసలో కుర్చీ అడిగి మరీ వేయించుకున్నాడు. తొమ్మిదీ పన్నెండుకి ప్రమాణం, అట్నించి అటే హైదరాబాదు, రాత్రికి డర్బన్ ఫ్లయిటు. అక్కడ మనవాళ్ళు ఎయిర్‌పోర్టుకి వస్తున్నారు."

"కొరివెవరు పెడతార్రా?"

"ఎవర్నైనా చూడండి. మీరు మాత్రం పిన్ని తద్దినం కానిచ్చుకోండి. ఆ సవరణ మీక్కూడా వర్తిస్తుంది."

చుట్టాల మీద అంత శ్రద్ధ ఉన్న నాయకుణ్ణి మాస్టారు వేరే చూడలేదు.

వేదవ్యాస్ వచ్చాడు. నువ్వులు, దర్భలు, విస్తళ్ళు సర్దాడు. మాస్టారు పీట మీద కూర్చుని వేలికి దర్భ ఉంగరం తొడుక్కున్నాడు. ఎక్కడా ఏమీ కాలేదన్నట్టే కూర్చున్నాడు. సంతకం ఉన్న కాగితం ఉంది. మాట నిలబెట్టుకోవడం ఇంత తేలికని తెలిస్తే ముందునుంచే నిలబెట్టుకునేవాడు.

అప్పుడు రాజమ్మ వచ్చింది. గడప దాటలేదు. వీధిలోనే నిలబడింది.

"మరిదీ, వాడు రాడంట."

మాస్టారు వేలికున్న దర్భ ఉంగరం సర్దుకున్నాడు.

"నిన్ను రమ్మనడానికి రాలేదు. ఇవాళ మా ఇందుమతి రోజని నాకు తెలుసు. వరండాలో మంచుగడ్డల మీద పడుకోబెట్టాను. పదకొండింటికి మంచు కరిగిపోద్ది. ఆ పక్కవీధి వెంకట్రామయ్య ఇంట్లో ఉన్నాడా, చెప్పు చాలు. మనవాడు కాకపోయినా ఎవరో ఒకరు నిప్పు పెట్టాలి కదా."

"వెంకట్రామయ్య గుంటూరెళ్ళాడు వదినా."

"సరేలే." ఆవిడ వెనక్కి తిరిగింది.

వేదవ్యాస్ మెల్లగా అన్నాడు. "మాస్టారూ, లేస్తే మైల. కూర్చుంటే తద్దినం. కాగితం ప్రకారం కూర్చోవచ్చు. నేను మంత్రం అందుకోనా?"

మాస్టారు విస్తరి వంక చూశాడు. వంటింట్లో మొదటి గారె నూనెలో పడింది. ఆయన వేలికున్న దర్భ ఉంగరం తీసి, విప్పి, పక్కన పెట్టాడు.

"తిథి దాటిపోతుందండి" అన్నాడు వేదవ్యాస్.

"ఆలస్యం ఆవిడకి కొత్తా? పదవయ్యా, నువ్వు కూడా రావాలి."

శ్మశానం కాలవ గట్టు మీద. మోసినవాళ్ళు నలుగురూ కూలికి వచ్చినవాళ్ళు. నాలుగువేల నూటపన్నెండుమంది జ్ఞాతుల్లో హాజరైనవాడు ఒక్కడు. మాస్టారు తడిబట్టలతో కుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరిగాడు. రెండో చుట్టులో కాలు జారి, తనని తనే తిట్టుకుని, మళ్ళీ నిలదొక్కుకున్నాడు.

కొరివి పెట్టబోతుండగా గట్టు మీద ప్రభుత్వం జీపు ఆగింది. డ్రైవరు మనిషంత పూలచక్రం ఎత్తుకుని దిగాడు. దానికి జరీ అంచు రిబ్బను, రిబ్బనుకి అచ్చుకార్డు. 'విదేశాంధ్ర సౌభ్రాతృత్వ మండలి ఛైర్మన్ శ్రీ కంచుగంటల విజయసారథి గారి ప్రగాఢ సంతాపం.' దాని కింద ఒక గీత, గీత మీద ఖాళీ.

"ప్రమాణం బ్రహ్మాండంగా జరిగిందండి" అన్నాడు డ్రైవరు. "పొద్దున్నే కార్డులు వెయ్యించారు గాని, పోయినాయన ఛైర్మన్ గారికి ఏమవుతారో రాయొద్దన్నారంట. ప్రధాన పరిశోధకులు అక్కడే ఉంటారు, నిబంధనలు చూసి ఆయనే రాస్తారన్నారండి. రేపు పేపర్లో ఫోటోకి కావాలంట. మీరేనా అండి?"

"నేనే" అన్నాడు మాస్టారు.

డ్రైవరు జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. మాస్టారు తడిచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. పంచె కూడా తడే. కార్డు పాడె కర్ర మీద ఆనించి, పిల్లల కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దబెట్టినంత గుండ్రంగా ఖాళీలో రాశాడు.

మాజీ సభ్యులు.

డ్రైవరు పైకి చదివి, బాగుందండీ అని, చక్రం సుందరయ్య గారి కాళ్ళ మీద పెట్టి, కార్డు పడేలా రెండు ఫోటోలు తీసుకున్నాడు.