ఏడిస్తే ఇంగ్లీషులోనే ఏడవాలి

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను గాని, ఇది నలుగురిలో చెప్పుకోదగ్గ సంగతి కాదు. టీలు చల్లారకముందే తాగేయండి. మధ్యలో ఎవరికైనా పొలమారితే నాకు సంబంధం లేదు.

నా పేరు ఉపేంద్ర అని మీలో సగం మంది మరిచిపోయి ఉంటారు. సాలూరు మెయిన్ రోడ్డులో లారీ సామాన్ల కొట్టు మీద కూర్చున్న నాటి నుంచీ నేను డల్లు ఉపేంద్రనే. ఇందులో నా తప్పేమీ లేదు. క్లచ్ ప్లేటు కొనడానికి వచ్చినవాడు ఊరికే ఉండక 'వ్యాపారం ఎలాగున్నాది' అని అడుగుతాడు. నేను 'డల్లు' అంటాను. మా నాన్న 'ఈగలు తోలుకుంటన్నాం' అనేవారు. మా తాత ఏమీ అనకుండా నుదురు కొట్టుకునేవాడట.

వ్యాపారం బాగుందని ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. బాగుందంటే కొనేవాడు ధర తగ్గించమంటాడు, టాక్సు ఆఫీసరు తనంతట తానే వస్తాడు, దిష్టి అంతకన్నా ముందే తగులుతుంది. అందుచేత ఏడవడం మాకు మర్యాద. పిల్లలకి నమస్కారం నేర్పినట్టు నేర్పుతారు.

ఇక మా ఆవిడ సింధు. నా మేనమామ కూతురే. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివి, ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. మేనరికం కాబట్టి ఈవిడ నన్ను బావా అంటుంది, మా అమ్మ పార్వతీదేవిని అత్తా అంటుంది, వాళ్ళిద్దరూ ఒక పక్క, నేనొక పక్క.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మజ్జిగన్నం కలుపుకుంటుంటే మెల్లగా మొదలెట్టింది.

"బావా, మాల్దీవుల్లో బడి నుంచి ఫోనొచ్చింది. సైన్సు టీచరు కావాలట. రెండేళ్ళకి. మొగుడూ పెళ్ళాం కలిసొస్తేనే తీసుకుంటారట, క్వార్టరు అలగే ఇస్తారట. నీకు స్టోర్సు సూసే పనుంది."

"స్టోర్సులో ఏటుంటాయి?"

"సుద్దముక్కలు, సీపుర్లు, బెంచీలు."

"కమాన్‌కట్టలుండవేటి?"

"దీవి మీద లారీలెక్కడివి బావా?"

పొద్దున్న హారను వినకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. లారీల్లేని ఊళ్ళో మనుషులు దేని గురించి మాట్లాడుకుంటారు? నన్నెవరు పలకరిస్తారు, పలకరించి ఏమడుగుతారు?

"అది సముద్రం సూడాలంటంది, తీసుకెల్లరా" అంది అమ్మ వంటింట్లోంచి.

"బీమిలి తీసుకెల్తాను."

"బీమిల్లో పగడాల దిబ్బలుండవు" అంది సింధు. ఈసారి గొంతు మారింది. "ఎన్నేళ్ళ నుంచో పిల్లలకి పుస్తకంలో బొమ్మ సూపించి ఇవే పగడాలు అని సెప్తన్నాను బావా. నాను సూసింది లేదు, వాళ్ళు సూసింది లేదు. ఒక్కసారి నీళ్ళల్లో నిజంగా సూడాలనుంది."

కొట్టు వంక పెడదామనుకున్నాను. కొట్టు చూసుకోవడానికి తమ్ముడు విజయ్‌కుమార్ ఉన్నాడు. వాడైతే నేనెప్పుడు కదులుతానా అని చూస్తున్నాడు. అన్ని దారులూ మూసుకుపోయాయి అనుకుంటుండగా సింధే ఒక కిటికీ తెరిచింది.

"ఒకటే అడ్డం. ఇద్దరం ఇంగ్లీసు పరీక్ష పాసవ్వాలి. నాకు అన్నీ ఉన్నాయి, రాయడం, సదవడం, ఇనడం, మాటాడడం. నీకు మాటాడడం ఒక్కటే. ఎదురుగా ఒక మనిషి కూసుని అడుగుతారు, నువ్వు సెప్పాలి. తొమ్మిదికి ఆరొస్తే సాలు."

నా ప్రాణం లేచొచ్చింది. ఫెయిలవ్వడం ఎంత సుఖమైన పని. ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. పాపం ప్రయత్నించాడు, రాలేదు అంటారు. అమ్మ కూడా ఏమీ అనదు.

"తప్పకుండా పాసవుతాను. నాకొదిలీ" అన్నాను.

సింధు నా వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ మజ్జిగ పోసింది.

మర్నాటి నుంచి విజయనగరంలో కోచింగు. అక్కడి మాస్టారి పేరు జగన్నాధం. ఊరంతా స్పోకెన్ జగన్నాధం అంటారు, ఎందుకంటే ఆయన ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వడు. నేనెలాగూ నోరు విప్పను కాబట్టి నాకు మాత్రం అవకాశం ఇచ్చాడు.

"వాట్ ఈజ్ యువర్ హాబీ?"

"నో సర్."

"ఫేవరెట్ ఫుడ్?"

"నథింగ్ సర్."

"హౌ బిగ్ ఈజ్ యువర్ హౌస్?"

"రెంటెడ్ సర్" అన్నాను. సొంతిల్లే. కొత్త మనిషి ఇల్లెంత అని అడిగితే మరేం చెబుతాం?

వారం తిరక్కుండా ఆయన సింధుని పిలిచి చేతులెత్తేశాడు. "అమ్మా, మీవారికి ఇంగ్లీసు రాకపోడం కాదు. సంతోషం రావట్లేదు. ఆబీ ఏటని అడిగితే ఆస్తి ఎంతని అడిగినట్టు సూస్తన్నారు. నా వల్ల కాదు."

పథకం ఇంత తొందరగా ఫలిస్తుందని నేననుకోలేదు. తిరుగు బస్సులో మొహం వీలైనంత దిగులుగా పెట్టుకున్నాను. అది నాకు కష్టం కాదు. సింధు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, గజపతినగరం దాటాక తనలో తాను నవ్వుకుంది. నేను అది చూసి కూడా పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యానికి ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

మర్నాడు ఉప్మాలో ఉప్పు లేదు.

"ఏటే ఇది, ఉప్పెయ్యడం మరిసిపోనావా" అన్నాను.

"ఇంగ్లీసులో సెప్పు."

"ఏటి?"

"ఈ ఇంట్లో ఇకమీద బాగుందన్న మాట ఏదైనా తెలుగులో సెప్పుకో. ఏడుపు మాత్రం ఇంగ్లీసులోనే ఏడవాలి. తెలుగులో ఏడిస్తే మాకినబడదు. ఔనా అత్తా?"

"నాకిప్పటికే ఇనబడ్డం మానీసింది" అంది అమ్మ.

నేను పంతానికి నోరు మూసుకుని ఉప్పులేని ఉప్మా తిన్నాను. ఆ పూటంతా మాట్లాడలేదు. మీకు తెలియదు గాని, ఏడవకుండా ఉండడం నాకు ఎంత కష్టమో. సాయంత్రానికి కడుపుబ్బరం వచ్చింది. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసింది.

"సాల్ట్ నో" అన్నాను రాత్రి భోజనాల దగ్గర.

"అది ఏడుపు కాదు, తంతి కబురు" అంది సింధు. "నిండుగా సెప్పు. ఉప్పు లేకపోతే ఎలగుంది, ఎందుకలగుంది, ఎన్నాళ్ళనుంచి ఇలగ బాదపడతన్నావు. అప్పుడు ఉప్పొస్తాది."

ఉప్పు కోసం మనిషి ఎంతకైనా దిగుతాడు. మొదట్లో ముక్కలు ముక్కలుగా వచ్చేది. మాట దొరక్కపోతే సింధు అందించేది, అందించాక ఆ ఏడుపు మళ్ళీ మొదట్నించీ ఏడిపించేది. దోమలు, కరెంటు కోత, కుళాయిలో మట్టినీళ్ళు, విజయ్‌కుమార్ మొహం. రోజురోజుకీ సరుకు పెరుగుతూనే వచ్చింది. వర్షాలు పడేవేళకి 'ఈ ఇంట్లో నా మాట ఎవరూ లెక్కచెయ్యరు, నేను పోయాక గాని నా విలువ తెలియదు' అన్నది ఎక్కడా ఆగకుండా ఇంగ్లీషులో అనేవాణ్ణి. మా అమ్మ కూడా ఒక్క ముక్క నేర్చుకుంది. నేను ఏం చెప్పినా చివర 'సో సారీ' అని వక్కపొడి నములుకునేది.

నేను ఇదంతా పరీక్షకి పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. పరీక్షలో హాబీలు అడుగుతారు కదా, అక్కడ మౌనం పాటిస్తే సరి అనుకున్నాను. ఈ ఇంట్లో ఉప్పు కోసం చేసేది వేరు, అది వేరు అనుకున్నాను.

అలవాటు కొట్టుకి కూడా పాకింది. ఒడిశా లోడు దింపి వచ్చిన డ్రైవరు గంగరాజు ఫ్యాన్ బెల్టు కోసం వచ్చి, "ఏటి షావుకారూ, ఎలాగున్నాది యాపారం?" అన్నాడు.

"ఐ హ్యావ్ నెవర్ సీన్ సచ్ టెరిబుల్ డేస్ ఇన్ మై లైఫ్" అనేశాను.

గంగరాజు రెండడుగులు వెనక్కి వేసి, కొట్టు లోపలికి తొంగి చూశాడు. నేను ఇంగ్లీషు మాట్లాడుతున్నానంటే లోపల ఎవరో ఆఫీసరు తనిఖీకి కూర్చున్నాడని వాడి లెక్క. బెల్టు వద్దూ ఏమీ వద్దని వెళ్ళిపోయాడు. స్టాండులో అందరికీ చెప్పాడు. ఆ వారం ఒక్క డ్రైవరూ మా గుమ్మం తొక్కలేదు. మూడు తరాలుగా మేం చెబుతూ వచ్చిన అబద్ధం నా చేతుల మీదుగా నిజమైపోయింది. ఆ దుఃఖం ఇంట్లో చెప్పుకుందామంటే అదీ ఇంగ్లీషులోనే చెప్పుకోవలసి వచ్చింది.

పరీక్ష విశాఖపట్నంలో. సింధు పరీక్షలన్నీ ముందురోజే అయిపోయాయి. నాది పొద్దున్న. ఏసీ గదిలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చేతిలో పెన్ను, ముందు కాగితాలు, పక్కన మాటలు రికార్డు చేసే చిన్న పెట్టె. ఆ అమరిక చూడగానే టాక్సు ఆఫీసరు గుర్తొచ్చాడు గాని, దేవుణ్ణి తలుచుకుని నోరు బిగించాను. అన్నిటికీ ఎస్, నో. అంతే.

"ఏం పని చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"షాప్."

"ఏం షాపు?"

"లారీ పార్ట్స్."

"వ్యాపారం ఎలా ఉంది?"

అయ్యా, మీరే చెప్పండి. మీరు కొట్టు మీద కూర్చునేవాళ్ళే. పెన్నూ కాగితం పట్టుకున్న మనిషి 'వ్యాపారం ఎలా ఉంది' అని అడిగితే మాట్లాడకుండా కూర్చోగలరా? కూర్చుంటే ఏమని అర్థం? బాగుందనేగా. ఆవిడ పెన్ను కాగితం మీద ఆనింది. ఇప్పుడు నేను నోరు విప్పకపోతే బ్రహ్మాండంగా ఉందని రాసుకుంటుంది, పైగా అది రికార్డవుతోంది.

నాకు తెలియకుండానే మొదలైపోయింది. డీజిలు ధర, టోలు గేట్లు, ఘాట్ రోడ్డులో అరిగిపోయే బ్రేకులు, అరిగినా మార్చని ఓనర్లు, ఫోన్లో సామాను తెప్పించుకునే కుర్ర ఓనర్లు, నకిలీ బేరింగులు, నా నడుం నొప్పి. ఎక్కడా తడుముకోలేదు. ఉప్పుకి ఏడ్చిన ఏడుపులన్నీ వరసకట్టి నిలబడ్డాయి.

"ఎప్పుడూ ఇలాగే ఉందా?" అంది ఆవిడ.

"మా తాతగారి కాలం నుంచీ పడిపోతూనే ఉంది మేడమ్."

"మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

"అదే మాకూ అర్థం కాదు మేడమ్."

తరవాత ఒక చీటీ ఇచ్చి, జీవితంలో ఒక సంతోషకరమైన సందర్భం గురించి రెండు నిమిషాలు చెప్పమంది. ఇక్కడైనా ఆగుదామనుకున్నాను. కాని సంతోషమన్నది కూడా పొరపాటున ఒప్పుకోకూడదు కదా. నా పెళ్ళి గురించి చెప్పాను. వాన పడి షామియానా కూలిపోవడం, వంటవాడు సాంబారులో జారిపడడం, బ్యాండువాళ్ళు తప్పు పెళ్ళికి వెళ్ళిపోవడం. రెండు నిమిషాలైందని ఆవిడ చెయ్యెత్తింది. ఇంకా వియ్యాలవారి సంగతి రాలేదు మేడమ్ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, నవ్వాపుకుంటూ కళ్ళు తుడుచుకుంది.

బయటికొచ్చాక సింధు ఏమడిగారు అంది. చెప్పాను. ఆ పిల్ల అక్కడే, ఆటో స్టాండు దగ్గర, గట్టిగా ఊపిరి వదిలింది. పాసైపోయానేమోనని నాకు అప్పుడు అనుమానమొచ్చింది.

ఫలితాలు వచ్చాయి. సింధుకి స్పీకింగులో ఏడు. నాకు ఏడున్నర.

నేను అరుగు మీద కూలబడ్డాను. అమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు వెతుక్కుంటోంది. సింధు వచ్చి పక్కన కూర్చుంది.

"నీకెప్పుడు తెలిసిందే, నాను ఫెయిలవ్వాలనుకుంటన్నానని?"

"తప్పకుండా పాసవుతానన్నావు సూడు, అప్పుడే. సామాను ఆర్డరు పెట్టినప్పుడు నువ్వు 'సూద్దాం' అంటావు. పెట్టనప్పుడే 'తప్పకుండా వస్తాది' అంటావు. నాను బడి నుంచొచ్చాక కొట్టు ఎనకగదిలోంచి రోజూ ఇంటాను."

నేను తల దించుకున్నాను.

"మరి ఆ ఉప్పు?" అన్నాను.

"మాస్టారు నీకు సంతోషం రావట్లేదన్నారు. నీకొచ్చింది ఏడుపే కదా, అదే ఇంగ్లీసులో నేర్పుదామనుకున్నాను. ఏ పరీక్షలోనైనా ముందు ఏం పని సేస్తావనే అడుగుతారు. నీ పని అడిగితే నువ్వాగవు." నా వైపు తిరిగింది. "ఇప్పుడు నిజం సెప్పు బావా. ఎందుకు రానన్నావు?"

ఇక ఏ పథకమూ మిగల్లేదు. ఉన్నది చెప్పేశాను. "బయమేసింది. ఇక్కడ రోడ్డు మీద పోయేవోడు కూడా ఎలాగున్నావని అడుగుతాడు. అక్కడ నన్నెవుడడుగుతాడే? సీపుర్లు లెక్కెట్టుకుంటూ ఎవుడితో మాటాడాలి? నువ్వు బడికెల్లిపోతావు. మూగోడినైపోతానని బయమేసింది."

సింధు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పాసవ్వకపోతే నాను ఎల్దును కాదు బావా. నీకది తెలీదు. నువ్వు లేకండా నాకా పగడాలెందుకు?"

నేను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.

"సాయంత్రం బడి నుంచి రాగానే నాను అడుగుతాను, ఎలాగున్నాది స్టోర్సని. ఎంతసేపైనా ఇంటాను. ఇక ఇంగ్లీసక్కర్లేదు. హాయిగా తెలుగులో ఏడు."

ఇన్నాళ్ళకి సెలవు దొరికింది. ఎన్ని నెలల ఏడుపు పోగై ఉందో లోపల. తమ్ముడి చేతికి కొట్టు, పరాయి దీవి, సుద్దముక్కలు, సముద్రం మధ్యన ఒంటి బతుకు. నిండుగా ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాను.

"సింధూ, ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్‌లీ డిసపాయింటెడ్" అని వచ్చింది.

ఇంకోసారి ప్రయత్నించాను. మళ్ళీ అదే. తెలుగులో ఏడుపు ఒక్క ముక్క రాలేదు.

వంటింట్లోంచి అమ్మ 'సో సారీ' అంది.