ఎండు కుళాయి మహిమ

కుళాయి తిప్పగానే నీళ్ళు వచ్చే ఇళ్ళవాళ్ళను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్ళకు నీళ్ళ విలువ తెలియదు, ఇరుగుపొరుగు తెలియదు, అన్నిటికీ మించి ఇంటిపట్టున ఉండటం తెలియదు.

మా ఇస్తపలాపాలో ఆ లోటు లేదు. మెక్సికో నగరంలో తక్కిన పేటల సంగతేమో గాని, మా వీధిలో కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఒక్కోసారి ఈల కూడా వేస్తుంది. ఉచితంగా సంగీతం ఇంకెవరికి దొరుకుతుంది చెప్పండి!

బడిలో పిల్లలకు నీటి చక్రం నేర్పుతారు: సముద్రం, మబ్బు, వాన, నది. అంత తిరుగుడు దేనికి? మా ఇంట్లో అది రెండు గదుల్లో పూర్తవుతుంది. నా భార్య గ్రిసెల్దా స్నానం చేసిన నీళ్ళతో బట్టలు ఉతుకుతుంది, ఆ నీళ్ళతో గచ్చు కడుగుతుంది, అవే చివరికి మరుగుదొడ్డికి. నేను గడ్డం గీసుకున్న నీళ్ళు మాత్రం పూలకుండీకి. ఆ మొక్క నాకంటే నున్నగా ఉంది.

ఇక పదిహేను రోజులకోసారి వచ్చే నీళ్ళ ట్యాంకరు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపు ఎప్పుడైనా వస్తుంది. నీళ్ళ ఆఫీసు ఇచ్చిన చీటీ ఎవరి పేరున ఉంటే ఆ మనిషే గేటు దగ్గర సంతకం పెట్టాలి. లేకపోతే మళ్ళీ పదిహేను రోజులు. మగవాణ్ణి ఇల్లు కదలకుండా ఉంచే ఇంత మంచి ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా?

పోయిన శుక్రవారం మా వంతు. అదే రోజు నాలుగింటికి మా అమ్మాయి యారెత్సి చదువు ముగింపు వేడుక. అందులో కూతురితో తండ్రి వాల్ట్జ్ నాట్యం చేయాలి. నెల రోజులు పెరట్లో చీపురు పట్టుకుని అడుగులు నేర్చుకున్నాను.

పక్కింటి దోన్యా ఒబ్దులియా గోడ మీంచి తొంగి చూసింది.

"ఏం దోన్ ఫెర్మిన్, సూటేసుకుని సంపు మీద కూర్చున్నావు? సంపుకేమన్నా పెళ్ళా?"

"ట్యాంకరు రాగానే నింపించేసి పరిగెత్తాలండీ."

"ఆ చీటీ ఇలా ఇచ్చి పో. నేను పట్టిస్తాగా."

"పోయినసారి మా ఆవిడ సంతకమే చెల్లదన్నారండీ."

"అయితే నువ్వు కాపరం చేస్తోంది ట్యాంకరుతోనన్నమాట."

మూడింటికి వాన పట్టుకుంది. అరగంటలో వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఈ నగరమంతా ఒకప్పుడు సరస్సు. జూలై వస్తే దానికి పాత ఇల్లు గుర్తొస్తుంది. నా ముందు ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ తేలుతూ పోయింది, నా వెనక సంపు ఖాళీగా ఉంది. ఆరుకు ఐదు నిమిషాలుందనగా డ్రైవరు ఫోన్ చేశాడు.

"సార్, మీ వీధిలోకి బండి రాదు. అంతా నీళ్ళే."

యారెత్సి చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ నీళ్ళలో నడుచుకుంటూ వచ్చింది. తనతో వాల్ట్జ్ వాళ్ళ మామయ్య చేశాడట. ఆయన ఉండేది రోజంతా కుళాయి వచ్చే పేటలో.

"నాన్నా, ట్యాంకరు వచ్చిందా?"

"లేదమ్మా."

"పోనీలే. మామయ్యకి డాన్సు రాదు. నా కాలు తొక్కేశాడు."

అది నన్ను ఓదార్చడానికేనని నాకు తెలుసు. కప్పు మీంచి కారిన వాన రెండు బకెట్లు పట్టాను. అందులో ఒకటి అమ్మాయి బురద కాళ్ళ మీద పోశాను. కింద బేసిన్ పెట్టడం కూడా మరిచిపోయాను.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఎండు కుళాయి వరమే. అంత గొప్ప వరాన్ని మేమే అనుభవించడం మాత్రం అన్యాయం. ఈ చీటీలు రాసే పెద్దమనిషికీ కూతురు ఉండే ఉంటుంది. ఆమె నాట్యం చేసే రోజున మా వంతు ఆయనకివ్వండి. సూటు వేసుకుని గేటు దగ్గర కూర్చోమనండి. ట్యాంకరు తప్పకుండా వస్తుంది, ఆరు నుంచి ఆరు లోపు.