ఎల్ఫుల మణికి వేసిన బస్సు

ఫోన్ గేములు మనుషుల్ని చెడగొడుతున్నాయని ఏడ్చేవాళ్ళందరికీ ఆత్మకూరు నుంచి నాదొక్కటే మాట. కళ్ళు తెరవండి! ఈ దేశాన్ని ఇక బాగుచేయగలిగేవి ఫోన్ గేములే. నమ్మకం లేకపోతే సీతారామపురం అవతల తుమ్మలకుంటకు వెళ్ళి మేకల పెంచలమ్మను అడగండి. ఎలా వెళ్తామంటారా? ఆ సంగతికే వస్తున్నాను.

పెంచలమ్మకు నాలుగు మేకలు, ఒక మనవరాలు. మనవరాలు అశ్విత ఉదయగిరిలో ఇంటర్ చదువుతోంది. అలా అని కాలేజీ వాళ్ళు అనుకుంటున్నారు గానీ, ఊరికొచ్చే ఒక్క బస్సూ ఆగిపోయినప్పటి నుంచి పిల్ల వెళ్ళిన రోజుల కంటే వెళ్ళని రోజులే ఎక్కువ. ఇలాగే సాగితే చదువు మాన్పించి మేకల వెంట పంపాల్సిందేనని పెంచలమ్మ దిగులు. డిపోలో బస్సు పెద్దల దగ్గరికి కాళ్ళరిగేలా తిరిగింది. "గిరాకీ లేదవ్వా" అన్నారు.

అప్పుడు దిగింది దర్శనమణి!

అది ఒక ఫోన్ గేములోని మణి. ఆ గేములో ఎల్ఫులని ఒక జాతి ఉంది. పొడుగు చెవులు, సన్నటి ఒళ్ళు, అడవిలో కాపురం. ఎదురుగా నిలబడినా మనుషుల కళ్ళకు ఆనరు. దర్శనమణి వెలుగు పడితేనే కనపడతారు. మణి పోయిందా, జాతి మొత్తం మళ్ళీ మాయం! కంపెనీ వాళ్ళు మ్యాపులో ఎక్కడో వేలు పెట్టి ఆ మణిని తుమ్మలకుంటలో ఎండిపోయిన కుంట కట్ట మీద పడేశారు. అక్కడికి స్వయంగా వెళ్ళి ఫోన్ చూపిస్తే తప్ప దొరకదట.

ఇంకేముంది! ఆత్మకూరు, వింజమూరు, కొండాపురం కుర్రాళ్ళంతా తలొంచుకుని కట్ట మీద ప్రదక్షిణలు. పరిశోధన కోసం నేనూ వెళ్ళాను. మణి మాత్రం నాకు దొరకలేదు.

"ఏందబ్బయా, ఏం పారేసుకున్నారు?" అని అడిగింది పెంచలమ్మ.

"మణి అవ్వా. నీ కాళ్ళ కిందే ఉండాది, జరుగు" అన్నాడొక కుర్రాడు.

ఆమె ఉలిక్కిపడి పక్కకు దూకింది. చూస్తే మట్టి, మేక పెంటికలు.

"నాకు కనపళ్ళేదే?"

"ఫోన్లో ఉండాది."

"ఫోన్లో ఉంటే ఫోన్లోనే ఎతుక్కోక ఈడికెందుకొచ్చినార్రా?"

కుర్రాడు ఫోన్ ఎత్తి పట్టుకుని ఇంకో ప్రదక్షిణ మొదలెట్టాడు. వారం తిరక్కుండా దారిలో ముళ్ళకంప కొట్టేశారు. రోడ్డు గుంతల్లో గ్రావెల్ పడింది. కట్ట మీద లైటు వెలిగింది. ఒక నాయకుడొచ్చి కనపడని మణితో ఫొటో దిగాడు. ఆఖరికి కొబ్బరికాయ కొట్టి మరీ బస్సు వేశారు! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అశ్విత కిటికీ పక్కన కూర్చుని కాలేజీకి వెళ్తుంటే పెంచలమ్మకు కడుపు నిండిపోయింది. మణి ఉందన్న చోట ఒక రాయి నిలిపి పసుపు కుంకుమ పెట్టింది. ఎల్ఫుల మణికి మేకపాలతో అభిషేకం చేసిన ఘనత మన మెట్టప్రాంతానిదే!

ఇప్పుడు చెప్పండి, గేములు చెడ్డవా? డాక్టరు రాని ఆసుపత్రిలో ఒక మణి పెట్టండి. నీళ్ళు రాని కుళాయి కింద ఒకటి. మా వీధి మురుగుకాలవలో అయితే రెండు పెట్టండి, లోతెక్కువ!

అంతలో గేము అప్‌డేట్ అయింది. మణి ఏదో మహానగరంలోని షాపింగ్ మాల్‌కు మారిపోయింది. ఆ సోమవారం బస్సు రాలేదు. అశ్విత యూనిఫాం వేసుకుని, పుస్తకాల సంచితో ఎండెక్కేదాకా రోడ్డు మీద నిలబడి ఇంటికొచ్చేసింది.

మేకల్ని కట్టేసి, పెంచలమ్మ మళ్ళీ బస్సు పెద్దల ముందు నిలబడింది.

"గిరాకీ లేదవ్వా. ఒక్క పిల్ల కోసం బస్సేస్తామా?"

"ఆ మణి గూడా ఒక్కటే గదయ్యా!"

పెద్దమనిషికి ఉన్నట్టుండి ఫోన్ చూసుకోవాల్సిన పని పడింది.

ఆ సాయంత్రం పెంచలమ్మ మనవరాలి చేత మణి కథ మళ్ళీ చెప్పించుకుంది. అంతా విని, "అయితే అమ్మే, ఆ కనపడనోళ్ళం మనమే" అంది.

"మనకు పొడుగు చెవుల్లేవు గదవ్వా."

"బస్సు హారన్ కోసం రిక్కించి రిక్కించి, అవీ పెరగతాయిలే."

అశ్విత నవ్విందట. నేను మాత్రం ఆ మాట విన్న రాత్రే ఇది రాయడానికి కూర్చున్నాను.

అందుకే నా విన్నపం బస్సు పెద్దలకు కాదు, ప్రభుత్వానికి అసలే కాదు. గేము కంపెనీ వారికి. అయ్యా, వచ్చే అప్‌డేట్‌లో మణిని తుమ్మలకుంటకు తిరిగి పంపండి. రోజంతా వెలగనక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం కాలేజీ వదిలాక ఒకసారి వెలిగితే చాలు. ఆదివారాలు ఆర్పేసుకున్నా ఫర్వాలేదు. అశ్వితకు ఆ రోజు కాలేజీ ఉండదు.