మూడు కాళ్ల గాడిద

నూరాతా ఊళ్లో ఆ ఉదయం రోబియాకూ కోడలు మునవ్వర్‌కూ ఆప్రికాట్ జామ్ గిన్నె దగ్గర పోట్లాట మొదలైంది.

"ఇందులో కుంచెలు కడిగావా?"

"కడగలేదు అత్తయ్యా, నానబెట్టానంతే."

"ఓహో, చాలా తేడా ఉందిలే."

మావగారు ఎర్గాష్ టీ కప్పులోకి చూస్తూ, చెవులు లేనట్టు కూర్చున్నారు. నిజానికి పోట్లాట గిన్నె గురించి కాదు, వెనక గది గురించి. అందులో మునవ్వర్ బొమ్మలు వేసుకుంటుంది. వసంతం వచ్చేసింది, పట్టుపురుగులకు వెచ్చటి గది కావాలి. ఈ రోజు సాంస్కృతిక భవనంలో అత్తాకోడళ్ల ప్రదర్శన. ఒక గోడకు రోబియా పట్టుదారంతో పువ్వులు కుట్టిన గోడగుడ్డలు, సుజానీలు, ఎదుటి గోడకు మునవ్వర్ వేసిన తైలవర్ణ చిత్రాలు. రాజధాని మ్యూజియం నుంచి దిల్‌ఫూజా అనే ఆవిడ చూడడానికి వస్తోంది. కోడలి బొమ్మ ఒక్కటైనా ఆవిడ తీసుకుంటే గది కోడలిది. లేకపోతే పురుగులది.

మునవ్వర్ ఆవిడ కోసం బస్టాండుకు వెళ్లింది. రోబియా పొరుగింటి హమ్రోను వెంటబెట్టుకుని ముందే హాలుకు చేరింది. తన సుజానీలను చూసుకుని తృప్తిపడింది. తర్వాత ఎదుటి గోడ చూసింది.

"హమ్రో, ఇటు చూడవే. మూలమూలలా రంగు పూసేసింది. వేలెడంత జాగా వదల్లేదు."

నూరాతాలో ఏ ఆడదీ సుజానీని పూర్తిగా కుట్టదు. ఒక మూల ఆకో రేకో వదిలేస్తుంది. పని అంతా అయిపోతే చేసిన మనిషి ఆయువూ అయిపోతుందని భయం. గది కోసం ఎంత పోట్లాడినా, కోడలి ఆయువుతో రోబియాకు పేచీ లేదు.

"ఓ మూల కాస్త తుడిచెయ్," అంది హమ్రో. "ఎవరికి తెలుస్తుంది?"

నిన్న మునవ్వర్ వదిలేసి వెళ్లిన రంగుల పెట్టె, టర్పెంటైన్ సీసా కిటికీలో ఉన్నాయి. రోబియా తలగుడ్డ కొస తడిపి, అన్నిటికంటే పెద్ద బొమ్మ దగ్గరికి వెళ్లింది. దానిమ్మ చెట్టు, కింద మూలగా ఒక గాడిద. గిట్ట ఒక్కటే తుడుద్దామనుకుంది. బొమ్మ వేసింది పోయిన వారమే, రంగింకా ఆరలేదు. గిట్టతోపాటు కాలు కూడా వచ్చేసింది.

"మూడు కాళ్లతో ఎలా నిలబడుతుంది పాపం," అంది హమ్రో.

"ఏం చెయ్యమంటావ్ మరి?"

"కూర్చోబెట్టు."

"కూర్చోబెట్టడం చేతనైతే నేనే బొమ్మలు వేసేదాన్ని. తీసేస్తున్నా."

గాడిద పోయింది. ఆ చోట బూడిదరంగు మబ్బు మిగిలింది.

"వానొచ్చేలా ఉంది," అంది హమ్రో.

రోబియా జన్మలో ఒక మరకను మరకగా వదిలెయ్యలేదు. మెడపట్టీలో గుచ్చుకున్న సూది తీసి, ఎర్ర పట్టుదారం ఎక్కించి, ఆ బొమ్మ గుడ్డలోంచే పువ్వు కుట్టడం మొదలుపెట్టింది. బస్సు ఎప్పటిలాగే ఆలస్యమైంది. చూడవచ్చిన ఆడవాళ్లు చుట్టూ మూగారు. పువ్వుకు ఒక్క రేకు తక్కువగా వదిలి దారం తెంపుతుండగా మునవ్వర్, దిల్‌ఫూజా లోపలికి వచ్చారు.

"నా గాడిదేది?" అంది మునవ్వర్.

"నీ ఆయువు కోసమేనే..."

"నా గాడిదేది అత్తయ్యా?"

హమ్రో వేలు పెట్టి రోబియా తలగుడ్డ కొస చూపించింది.

మునవ్వర్ కిటికీలోంచి రంగుల పెట్టె తీసుకుని తిన్నగా అత్తగారి గోడ దగ్గరికి నడిచింది. అన్నిటికంటే పెద్ద సుజానీలో, కావాలని వదిలిన ఖాళీ మూల ముందు కూర్చుంది. ఆ మూలలో చిన్న బూడిదరంగు గాడిద చెవులు నిక్కించి లేచింది.

రోబియా నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. వంగి చూసింది.

"నాలుగో కాలేదే?"

"వదిలేశాను. మీరింకా చాలా కుట్టాలి కదా."

రోబియా నడుం మీంచి చేతులు తీసేసింది.

దిల్‌ఫూజా ఒక గోడ దగ్గరికి, ఇంకో గోడ దగ్గరికి రెండుసార్లు తిరిగింది. "ఇదెవరిది, అదెవరిది?" అని అడిగింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"రెండూ మ్యూజియానికి కావాలి," అంది దిల్‌ఫూజా. "పక్కపక్కనే పెడతాం, కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి. కాకపోతే ఆ రేకూ, ఆ కాలూ కాస్త పూర్తి చేసిస్తే..."

"చెయ్యం," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"నా పేరు కూడా రాయండి," అంది హమ్రో. "సలహాలన్నీ నావే."

హాలంతా నవ్వులూ చప్పట్లూ. రోబియా కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని, పెళ్లి ఊరేగింపులా బజారు మధ్యనుంచి ఇల్లు చేరింది.

భోజనాల దగ్గర, అందరి మధ్యా ఉన్న పలావు పళ్లెం మీదుగా ప్రకటించింది. "వెనక గది కోడలిది. పురుగులు అతిథుల గదిలో ఉంటాయి."

"అందులో నా టీవీ ఉంది," అన్నారు ఎర్గాష్.

"పురుగులకి చప్పుడు పడదు. కట్టేసి చూడండి."

ఎర్గాష్ పళ్లెంలోని మాంసం ముక్కల్ని ముందుజాగ్రత్తగా తన వైపుకు జరుపుకున్నారు.