ఫైనల్ నాటికి మిగిలిన ఎత్తు

ఏలూరు మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు ఈ సీజన్‌లో గెలిచిన ప్రతి మ్యాచ్ తర్వాతా సన్మానం జరిగింది. శాలువా కప్పిన ప్రతిసారీ అమ్మాయిలు నాలుగేసి వేళ్ల ఎత్తు తగ్గిపోయారు. ఇందులో వింతేమీ లేదు. గెలిచినవాళ్లను శాలువా కప్పకుండా ఇంటికి పంపడం మన దగ్గర ఎక్కడైనా ఉందా? కప్పాక మనిషి కాస్త తగ్గడమూ మామూలే కనుక, యాజమాన్యం ముందుగానే ఒక దర్జీని జీతం మీద పెట్టుకుంది. సన్మానమైన మర్నాడు పొద్దున్నకల్లా అతను జెర్సీలన్నీ కుదించి ఇచ్చేవాడు.

కెప్టెన్ ఎస్తేరుకు మాత్రం తన ఎత్తంటే ప్రాణం. ఆరడుగులు దాటిన మనిషి. బడికి వెళ్లే రోజుల్లో బస్సెక్కితే కండక్టరు "పైన గాలెలా ఉందమ్మా?" అనేవాడు. తల్లి మార్తమ్మ పెళ్లిళ్లకు తీసుకెళ్లినప్పుడల్లా "కాస్త వంగి నడవ్వే, నలుగురూ చూస్తున్నారు" అని చెవిలో గొణిగేది. అలా వంగి వంగి నడిచే పిల్ల ఒకరోజు బడి మైదానంలో కోచ్ సత్యవేణి గారి కంటబడింది. ఆవిడ స్టూలు తెప్పించుకుని ఎక్కి, పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తి, "నిటారుగా నిలబడమ్మా. నీలాంటి ఎత్తే మాకు కావాలి" అన్నారు. అంతవరకూ ఆ మాట ఎస్తేరుతో ఎవరూ అనలేదు. ఇంటికెళ్లి తలుపేసుకుని హాయిగా ఏడ్చింది. ఆ రుణం తీరేది కాదని ఇప్పటికీ అంటుంది.

మొదటి సన్మానంలో పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు, ఆడి అలసిపోయిన అమ్మాయిలు నిలబడ్డారు. జట్టు అధ్యక్షులు ముత్యాలరావు గారు రొయ్యల మేత వ్యాపారి. ఆడపిల్లలను ఆడనిస్తున్న తమ పెద్దమనసు గురించి ఆయన చాలాసేపు మాట్లాడారు. ఆట గురించి మాట్లాడటానికి టైము చాలలేదు. తర్వాత శాలువాలు కప్పారు. అంతకుముందు ఎస్తేరుకు ఆయన బట్టతల కనిపించేది. శాలువా తీసి మడతపెట్టేసరికి ఆయన నుదుటి బొట్టు ఆమె కళ్లకు ఎదురుగా వచ్చింది. ఆయన పొంగిపోయారు. "చూశారా, గెలిచినా ఎంత అణకువో!" అన్నారు. ఈసారి అందరూ ఫొటోలో పట్టారని ఫొటోగ్రాఫర్ కూడా సంతోషించాడు.

ఓడిపోతే సన్మానం ఉండదు, ఎత్తూ తగ్గదు. కాకపోతే ఓడిన జట్టును మూసేస్తారు. అమ్మాయిలు ఇళ్లకు పోవాలి. ఇళ్లకు పోతే ఇక బంతి ముట్టుకోనివ్వరని అందరికీ తెలుసు. అందుకని ఏలూరు అమ్మాయిలు గెలుస్తూనే పోయారు. బంతిని నేలబారుగా కొట్టుకుంటూ ఎదుటివాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరిపోవడం నేర్చారు. బుట్ట దగ్గర ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కేవారు. ఎవరో అభ్యంతరం చెబితే, రిఫరీ టేపుతో కొలిచి, ఇద్దరూ కలిస్తే ఒక మనిషే అవుతున్నారు కాబట్టి తప్పులేదని తేల్చాడు.

సెమీఫైనల్ సన్మానం అయ్యేసరికి ఎస్తేరు తల స్కోరర్ బల్ల ఎత్తుకు వచ్చింది. ముత్యాలరావు గారి గదికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఫైనల్ గెలిస్తే నాకు శాలువా వద్దండి."

"అదేంటమ్మా! మంత్రిగారి చేత కప్పిస్తున్నాం. పట్టుశాలువా."

"ఇంక తగ్గడానికి నా దగ్గర పెద్దగా ఏం లేదండి."

ఆయన నొచ్చుకున్నారు. "ఇంత చేసినందుకు ఇదా తల్లీ? వద్దంటే పొగరనుకుంటారు. నీకు పొగరుందా?"

"అయ్యో, లేదండి."

"మరి?"

ఎస్తేరు ఆయనకు నమస్కారం పెట్టింది. బయటికొచ్చింది. సత్యవేణి గారు బెంచీ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు.

"మేడమ్, మీరెంత ఎత్తుండేవారు?"

"నీ మొదటి ఎత్తుకన్నా రెండు వేళ్లు ఎక్కువేనే. మా రోజుల్లో నూలు శాలువాలు, పట్టంత తగ్గించేవి కావు కాబట్టి ఈ మాత్రం మిగిలాను."

"బాధనిపించలేదా?"

"అనిపించకేం? కానీ ఆడినంతసేపూ ఎంత బాగుండేదో! అది మాత్రం ఎవడూ తగ్గించలేకపోయాడే."

ఫైనల్ చివర్లో స్కోరు సమానంగా ఉండగా ఎస్తేరుకు ఒక ఫ్రీ త్రో దక్కింది. ఫ్రీ త్రో వేసేటప్పుడు భుజాలెక్కడానికి వీల్లేదు, ఒంటరిగా నిలబడాలి. గురి తప్పితే ఆట అదనపు సమయానికి వెళ్లి చేజారేలా ఉంది. ఓడితే మిగిలిన ఎత్తు తనకే ఉంటుంది. పడితే పట్టుశాలువా. ఎస్తేరు బెంచీ వైపు చూసింది. అక్కడున్న అమ్మాయిలంతా ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఓడితే వీళ్లలో ఒక్కరు కూడా మళ్లీ ఆడరు. బంతిని రెండు చేతులతో కిందినుంచి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి విసిరింది. బుట్టలో పడింది.

స్టేడియం దద్దరిల్లిపోయింది. అమ్మాయిలు పరుగున వచ్చి ఎస్తేరు మీద పడ్డారు, నవ్వారు, ఏడ్చారు. ఆ సంతోషంలో అబద్ధమేమీ లేదు. ఆరడుగులున్న రోజుల్లో కూడా అంత పైన ఉన్నట్టు ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

మంత్రిగారు కప్పిన పట్టుశాలువా వేదిక మీద కుప్పగా జారిపడింది. నిర్వాహకులు మడతల్లో వెతికి కెప్టెన్‌ను బయటికి తీశారు. మైకు నేలమీద పెట్టారు. ఎస్తేరు యాజమాన్యానికి, మంత్రిగారికి, శాలువాల కొట్టువారికి పేరుపేరునా ధన్యవాదాలు చెప్పింది. సత్యవేణి గారి పేరు మాత్రం రెండుసార్లు చెప్పింది. మార్తమ్మ కూతుర్ని ఒళ్లోకి తీసుకుని, "ఇప్పుడెంత ముద్దొస్తున్నావే! ఇక ఏ పెళ్లికైనా హాయిగా తీసుకెళ్లొచ్చు" అని కళ్లొత్తుకుంది.

కొత్త సీజన్‌కు ఎస్తేరును సహాయ కోచ్‌గా వేశారు. ఒక బడి మైదానంలో, వెనక వరసలో, ఒక పొడుగు పిల్ల భుజాలు ముడుచుకుని నిలబడి ఉండటం చూసింది. స్టూలు మీద స్టూలు వేయించుకుని ఎక్కి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నిటారుగా నిలబడమ్మా. నీలాంటి ఎత్తే మాకు కావాలి."

పిల్ల వెన్ను మెల్లగా నిటారయింది. "థ్యాంక్యూ మేడమ్" అంది, కళ్లనిండా నీళ్లతో.

ఎస్తేరు ఆ కన్నీళ్లు తుడిచింది. దర్జీని పిలిచి కొలతలు తీసుకోమంది. తర్వాత కుదించాల్సి ఉంటుంది కనుక కుట్లు కాస్త వదులుగా వేయమంది.