సెక్రటరీగారికి చుక్కలు

పొద్దున్నే పళ్లు తోముకుంటూ కళ్లజోళ్లాయన ఓ పథకం వేశాడు. షాపులో ఊరందరి చూపూ సరిచేసే మనిషి కదా, నెల క్రితం తన చూపు కోసం ఓ టెలిస్కోప్ కొనుక్కున్నాడు. పాపం, బాల్కనీలోంచి కనబడేది ఎదుటి బిల్డింగు గోడ ఒక్కటే. ఆ గోడలో పగులు ఆయనకు తలకిందులుగా కంఠతా వచ్చేసింది, టెలిస్కోప్‌లో ఏదైనా అలాగే కనబడుతుంది మరి. డాబా ఎక్కుదామంటే తాళంచెవి అపార్ట్‌మెంట్ సెక్రటరీ నడుముకి వేలాడుతోంది. మనుషులు తిరిగితే స్లాబు కారుతుందని ఆయన వాదన.

"ఇవాళ కూడా చుక్క కనబడకపోతే ఈ గొట్టానికి కర్టెన్ వేలాడేస్తా" అంది భార్య. ఆవిడ అన్నదంటే వేలాడేస్తుంది.

సెక్రటరీనే ముఖ్య అతిథిని చేసేస్తే తాళం దానంతటదే ఊడుతుందనుకున్నాడు మనవాడు. నోట్లో బ్రష్షు ఉండగానే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజీ కొట్టాడు: "ఈ సాయంత్రం డాబా మీద సెక్రటరీగారికి చుక్కలు చూపిస్తాను. అందరూ రావాలి."

మంచి తెలుగే. అదే కొంప ముంచింది.

షాపుకి బయల్దేరుతుంటే కింది ఫ్లోరు టైలరు మెట్ల దగ్గర చెయ్యి పట్టేసుకున్నాడు.

"అన్నా, నువ్వు మామూలోడివి కాదు! లిఫ్టు చచ్చిపోయి ఎన్నాళ్లయింది? ఒక్కడికైనా ఇంత ధైర్యం వచ్చిందా?"

"ధైర్యమెందుకు తమ్ముడూ, కాస్త ఓపికుంటే చాలు."

"ఓపికలన్నీ అయిపోయాయన్నా! నేనొస్తా. మా ఆవిడ కూడా ఓ చెయ్యి వేస్తానంటోంది."

"చెయ్యి మాత్రం వెయ్యొద్దను. కదిలిపోతుంది."

సాయంత్రం గొట్టం భుజాన వేసుకుని ఆయన, మెళ్లో బైనాక్యులర్స్‌తో ఆవిడ మెట్లెక్కారు.

"ఇంతకీ వాణ్ణి ఎలా పట్టుకుంటారు?" అడిగింది ఆవిడ.

"ముందు బైనాక్యులర్స్‌తో ఎక్కడున్నాడో చూసుకోవాలి. తరవాత గొట్టం గురిపెట్టాలి. గురి కుదిరిందా, శనిగాడు తప్పించుకోలేడు."

"సరిగ్గా దొరుకుతాడా?"

"దొరకడమేంటి? ఇందులో పడితే ఎంతటివాడైనా తలకిందులే!"

మెట్ల పక్కనే సగం తెరిచిన తన ఫ్లాటు తలుపు వెనక సెక్రటరీకి చెమటలు పట్టాయి. తనను చాటుగా అందరూ శని అంటారని ఆయనకు ఎప్పట్నుంచో తెలుసు. గొట్టం సంగతే ఇప్పుడు తెలిసింది.

డాబా తలుపు ముందు జనం కిటకిటలాడుతున్నారు. రెండో ఫ్లోరు నర్సమ్మ డ్యూటీ మార్చుకుని మరీ వచ్చింది. "మేమంతా నీ వెనకే ఉన్నాం అన్నా" అని అరిచాడు టైలరు. ఆకాశమంటే ఇంతమందికి ప్రాణమా అని కళ్లజోళ్లాయన మురిసిపోయాడు.

అంతలో సెక్రటరీ తాళాలగుత్తి రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"నాయనా, పెద్దవాణ్ణి, తలకిందులు చెయ్యకు. ఇవిగో తాళాలు. డాబాది, మోటారు గదిది, అన్నీ ఉన్నాయి. నేను దిగిపోతున్నా."

"అయ్యో, దిగిపోవడమేంటండీ! మీకోసమేగా ఇదంతా. రండి, చూపిస్తాను."

"చూసింది చాలు బాబూ!"

చప్పట్లు మోగిపోయాయి. "ఇక అన్నే మన సెక్రటరీ!" అంటూ టైలరు కళ్లజోళ్లాయన్ని అమాంతం ఎత్తేశాడు. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. అది వినయం కింద జమైపోయింది.

తలుపు తీశారు. కళ్లజోళ్లాయన గొట్టాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టి, తిప్పి తిప్పి గురి కుదిర్చాడు. మర్యాద కొద్దీ ముందు పెద్దాయన్ని పిలిచాడు.

"పేలదు కదా?"

"పేలదండీ, చూడండి. శనిగ్రహం."

పెద్దాయన ఒక కన్ను మూసి భయంభయంగా వంగాడు. చిన్న బంగారు గింజ, దాని చుట్టూ ఉంగరం.

"ఓర్నీ! నన్ను శని అంటున్నారని ఇన్నాళ్లూ కుమిలిపోయానే. ఇంత అందగాడా వీడు!"

"నాకూ ఓసారి..." అని కళ్లజోళ్లాయన వంగబోయాడు.

"సెక్రటరీగారూ!" అంది నర్సమ్మ. పెద్దాయన కదల్లేదు. "మిమ్మల్నేనండీ, కొత్తాయన్ని. మా కుళాయిలో చుక్క నీళ్లు రావట్లేదు."

"ముందు లిఫ్టు!" అన్నాడు టైలరు.

కళ్లజోళ్లాయన తాళాలగుత్తితో మెట్లు దిగాడు. "మీరెళ్లి రండి, నేను చూస్తుంటా" అని ఆవిడ పైనే ఉండిపోయింది.

ఆ వారమంతా ఆయన సాయంత్రాలు డాబా మీది లిఫ్టు మోటారు గదిలోనే గడిచాయి. ఆదివారం గ్రూపులో కొత్త సెక్రటరీ పేర ఓ ఫిర్యాదు వచ్చింది. మోటారు గది లైటు వల్ల శని సరిగ్గా కనబడటం లేదనీ, వెంటనే ఆర్పించాలనీ మాజీ సెక్రటరీగారు కోరారు.